ప్రో బౌల్: పిలుపు వేరు, ఆట వేరు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఏటా నిర్వహించే తారల పోటీ 'ప్రో బౌల్' గురించి పాఠకులు అడిగినవన్నీ ఒకచోట చేర్చాం. ఒకే రకం ప్రశ్నలు రెండు మూడు వస్తే కలిపేశాం.

ప్రశ్న: ఈ ఏడాది ప్రో బౌల్ టీవీలో చూశాం. హెల్మెట్లు లేవు, భుజాలకు ప్యాడ్లు లేవు. ఎవరూ ఎవరినీ పట్టి పడేయడం లేదు, నడుముకు వేలాడే పట్టీలు లాగుతున్నారంతే. మేం చూసింది ప్రో బౌలేనా, ఇంకేదైనానా?

ప్రో బౌలే. 2023 నుంచి దాని రూపమే మారిపోయింది. ఇప్పుడు దాన్ని 'ప్రో బౌల్ గేమ్స్' అంటున్నారు. అంతకుముందు 11 మంది చొప్పున, పూర్తి ప్యాడ్లతో, 100 గజాల మైదానంలో ఆడేవారు. దాన్ని తీసేసి ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారు. జట్టుకు ఏడుగురు, మైదానం 50 గజాలు, రెండు కొసల్లో 10 గజాల ఎండ్ జోన్లు (బంతి చేరితే స్కోరయ్యే జాగాలు). బంతి ఉన్నవాడి నడుముకున్న పట్టీ ఊడిందంటే ఆట అక్కడ ఆగినట్టే.

ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్ఎఫ్‌సీ అనే రెండు కాన్ఫరెన్సుల్లో 16 చొప్పున ఉంటాయి. ప్రో బౌల్‌లో ఆ రెండు కాన్ఫరెన్సుల మేటి ఆటగాళ్లు తలపడతారు. కొత్త పద్ధతిలో తొలి పోటీ 2023 ఫిబ్రవరిలో లాస్ వేగస్‌లో జరిగింది. ఎన్ఎఫ్‌సీ 35-33తో గెలిచింది. ఆ స్కోరులో విసురు, పట్టు, పరుగు వంటి నైపుణ్య పోటీల పాయింట్లు కూడా కలిసే ఉన్నాయి. 2024లోనూ 2025లోనూ ఆర్లాండోలో జరిపారు. మీరు చూసిన 2026 పోటీ ఫిబ్రవరి 3న, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) వారంలోని మంగళవారం నాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని మోస్కోన్ సెంటర్‌లో జరిగింది. అది స్టేడియం కాదు, సభలూ ప్రదర్శనలూ జరిపే భవనం. పైన కప్పు కనిపించింది, గాలరీలు కనిపించలేదు అని ఇద్దరు ముగ్గురు రాశారు. కారణం అదే.

ఈ మార్పు సరైనదేనని మా అభిప్రాయం. ఎందుకో కింది జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: అసలు ఆటను ఎందుకు ఆపేశారు? ఆటగాళ్లు ఒళ్లు దాచుకుని ఆడారని అంటారు. లీగ్‌లోకెల్లా గొప్పవాళ్లు కదా, అలా ఎందుకు చేస్తారు?

వాళ్లను తప్పుపట్టే ముందు ఆ వారం వాళ్లు ఎలాంటి స్థితిలో ఉంటారో చూడాలి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా 17 లీగ్ మ్యాచ్‌లు, కొందరికి ఆపైన ప్లేఆఫ్స్. ఒంట్లో నొప్పి లేని చోటు ఉండదు. ఆ మీదట వచ్చే ప్రో బౌల్ ఫలితం పాయింట్ల పట్టికలో ఎక్కడా చేరదు. మోకాలు చెడితే మాత్రం వచ్చే సీజన్, ఒక్కోసారి వచ్చే కాంట్రాక్టు కూడా పోతాయి. అందుకని ఆ ఒక్క ఆటకు రూల్స్‌నే మెత్తబరిచారు. పాత ప్రో బౌల్ నిబంధనలు చూడండి.

డిఫెన్స్ (బంతి లేని జట్టు) ఎప్పుడూ 4-3 అమరికలోనే నిలబడాలి, అంటే ముందు నలుగురు లైన్‌మన్లు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు. బ్లిట్జ్ కుదరదు: పాస్ వేసేటప్పుడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఆ ముందున్న నలుగురు తప్ప ఇంకెవరూ దూసుకెళ్లకూడదు. అటు అఫెన్స్‌కూ (బంతి ఉన్న జట్టుకు) కట్టుబాట్లున్నాయి. బంతిని వెనక్కి అందించి ఆట కదిలించే స్నాప్‌కు ముందు ఆటగాళ్లు స్థానాలు మారకూడదు, ప్రతి అమరికలో టైట్ ఎండ్ (లైన్ పక్కనే నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాడు) ఉండాలి, ఒకే పక్క ముగ్గురు రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) నిలబడకూడదు. పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు వదిలేయడం), ఫీల్డ్ గోల్, ఎక్స్‌ట్రా పాయింట్ (రెండూ గోల్ స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు తెచ్చేవి) తన్నేవాడి మీదికి ఎవరూ రాకూడదు. క్వార్టర్‌బ్యాక్ ఒత్తిడిలో బంతిని ఖాళీ జాగాలోకి పారేసినా పెనాల్టీ లేదు. 2014 నుంచి, బంతిని తన్ని ఆట మొదలుపెట్టే కికాఫ్ కూడా తీసేశారు. రెండు వైపుల నుంచీ పూర్తి వేగంతో వచ్చి గుద్దుకునే సందర్భం అది. దాని బదులు స్కోరు తర్వాత బంతిని 25 గజాల గీత మీద పెట్టి ఇచ్చేవారు.

ఈ నిబంధనల్లో కొన్ని గాయాల భయంతో పెట్టినవే. కానీ అమరికల మీద ఆంక్షలకు ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. పదహారు జట్ల వాళ్లు కొద్దిరోజులే కలిసి సాధన చేస్తారు. ఒక్కో జట్టుకు ఒక్కో సంకేత భాష. స్నాప్‌కు ముందు ఎవరు ఎవరిని అడ్డుకోవాలో క్షణంలో తేల్చుకోవాల్సిన లైన్‌మన్లు ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా నిలబడితే, ఏ అడ్డూ లేని డిఫెండర్ నేరుగా వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను గుద్దుతాడు. అందుకే అందరికీ తెలిసిన సాదా అమరికకు కట్టేశారు.

చివరి ఏళ్లలో లైన్ దగ్గర ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూద్దాం. మామూలు మ్యాచ్‌లో డిఫెన్సివ్ లైన్‌మన్ వేళ్లు నేలకానించి, నడుము వంచి కూర్చుంటాడు. బంతి కదలగానే ఎదుటివాడి రొమ్ము కిందికి దూరి పైకెత్తి తోస్తాడు. ప్రో బౌల్‌లో బంతి కదలగానే ఇద్దరూ నిటారుగా లేచేవారు. భుజాల మీద చేతులు వేసుకుని రెండడుగులు అటూ ఇటూ తొక్కి, విజిల్ కోసం ఎదురుచూసేవారు. బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను పట్టుకుంటే చాలు, రిఫరీ విజిల్ ఊదేసేవాడు. పేరుకు టాకిల్ (పట్టి పడేసే) ఫుట్‌బాల్, జరిగేది తూతూమంత్రం.

స్కోర్లే చెబుతాయి. 2012 ప్రో బౌల్‌లో ఏఎఫ్‌సీ 59-41తో గెలిచింది, హొనొలులు ప్రేక్షకులు ఈలలేసి నిరసన తెలిపారు. ఈ పోటీని ఉంచాలా వద్దా అని లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ బాహాటంగా మాట్లాడింది అప్పుడే. మరుసటి ఏడాది ఎన్ఎఫ్‌సీ ఏకంగా 62 పాయింట్లు చేసింది. 2022లో లాస్ వేగస్‌లో ఏఎఫ్‌సీ 41-35తో గెలిచిన మ్యాచ్ ఆఖరిది. ఆ తర్వాత ప్యాడ్ల ఆట లేదు.

అసలు చిక్కు ఇది. బాస్కెట్‌బాల్ తారల ఆటలో రక్షణ వదిలేసినా బంతి వేయడం, ఎగరడం, చూడచక్కని ఆట మిగులుతాయి. టాకిల్ ఫుట్‌బాల్‌లో ప్రతి ఎత్తూ (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా జరిగే ఒక్కో ఆట) ఢీకొట్టడం మీదే నిలబడింది. ఆ ఢీ తీసేస్తే పాస్‌కూ పరుగుకూ అర్థం ఉండదు. సగం వేగంతో ఆడితే భద్రత వస్తుందనుకోవడమూ పొరపాటే. ఒకడు ఆగిపోయి ఇంకొకడు పూర్తి వేగంతో వచ్చినప్పుడే కాళ్లు ఇరుక్కుంటాయి.

ప్రశ్న: అంటే మెత్తగా ఆడినా గాయాలయ్యాయా? ఫ్లాగ్‌లో ఆ భయం లేనట్టేనా?

అయ్యాయి. 2007 ప్రో బౌల్‌లో క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ ఎడమ మోచేయి స్థానం తప్పింది. ఆయన విసిరేది కుడిచేత్తో కాబట్టి గండం గడిచింది. అదే ఆటలో పంటర్ బ్రయన్ మూర్‌మన్ బంతి తన్నకుండా పరుగెత్తబోతే, సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడు) షాన్ టేలర్ సీజన్‌లో కొట్టినంత బలంగానే ఢీకొట్టాడు. మూర్‌మన్ లేచి ఆయన్నే అభినందించాడు. 2016లో టైట్ ఎండ్ టైలర్ ఐఫర్ట్‌కు చీలమండ దెబ్బతింది. శస్త్రచికిత్స అవసరమై, వచ్చే సీజన్ ఆరంభంలో మ్యాచ్‌లు పోయాయి.

ఫ్లాగ్‌లో ముప్పు తక్కువే, కానీ లేకపోలేదు. ఈ విషయంలో అందరూ గుర్తుంచుకోవాల్సిన పేరు రాబర్ట్ ఎడ్వర్డ్స్. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ రన్నింగ్ బ్యాక్. 1998లో, తొలి సీజన్‌లోనే 1,115 గజాలు పరుగెత్తాడు. 1999 ఫిబ్రవరిలో ప్రో బౌల్ వారంలో కొత్త ఆటగాళ్లకు వైకీకీ బీచ్ ఇసుకలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెట్టారు. పాస్ కోసం ఎగిరి దిగేటప్పుడు మోకాలు విరుచుకుపోయింది. లిగమెంట్లతో పాటు రక్తనాళమూ దెబ్బతిని, కాలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టర్లు భయపడ్డారు. ఆయన మళ్లీ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడింది 2002లో, మయామీ తరఫున. ఎవరూ పట్టి పడేయని ఆటలో, ఇసుకలో దిగిన ఒక్క అడుగు చేసిన పని అది.

కొత్త పద్ధతిలో తొలి ఏడాదే, 2023లో, అడ్డంకుల పరుగులో మైల్స్ గారెట్ కాలివేలు స్థానం తప్పింది. ఎవరూ ఢీకొట్టకపోయినా పాదం దిగే చోటు సరిగా లేకపోతే చాలు.

ప్రశ్న: ఎవరిని ఎలా ఎంపిక చేస్తారు? కేవలం 2 టచ్‌డౌన్ పాసులు వేసిన క్వార్టర్‌బ్యాక్ కూడా ప్రో బౌల్‌కు వెళ్లాడట, నిజమేనా?

నిజమే. (టచ్‌డౌన్ పాస్ అంటే బంతి ఎండ్ జోన్‌కు చేరి స్కోరయ్యే పాస్.) ముందు పద్ధతి చెబుతాం, తర్వాత ఆ సంగతి.

ఓట్లు మూడు వర్గాలవి: అభిమానులు, ఆటగాళ్లు, కోచ్‌లు. ఒక్కో వర్గానికి మూడో వంతు బరువు. 1995కు ముందు అభిమానులకు ఓటు లేదు. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. అభిమానుల ఓట్లు లక్షలకు లక్షలు పడినా వాటన్నిటికీ కలిపి బరువు మూడో వంతే, 32 జట్ల కోచ్‌ల ఓట్లకూ మూడో వంతే. అందుకే అభిమానుల ఓట్లలో అగ్రస్థానంలో ఉన్నవాడు తుది జాబితాలో కనిపించకపోతే గోల్‌మాల్ జరిగిందనుకోకండి. మిగతా రెండు వర్గాలు అతన్ని వెనక్కి నెట్టాయని అర్థం.

ఒక్కో కాన్ఫరెన్స్‌కు 44 మంది. అఫెన్స్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు 3, రన్నింగ్ బ్యాక్‌లు 3, ఫుల్‌బ్యాక్ 1, వైడ్ రిసీవర్లు 4, టైట్ ఎండ్లు 2, టాకిల్స్ 3, గార్డులు 3, సెంటర్లు 2. డిఫెన్స్‌లో ఎండ్లు 3, లోపలి లైన్‌మన్లు 3, బయటి లైన్‌బ్యాకర్లు 3, లోపలి లైన్‌బ్యాకర్లు 2, కార్నర్‌బ్యాక్‌లు 4, సేఫ్టీలు 3. మిగిలిన ఐదు చోట్లు పంటర్, ప్లేస్‌కికర్, రిటర్నర్, స్పెషల్ టీమర్, లాంగ్ స్నాపర్‌లవి.

ఈ అంకెల్లోనే అన్యాయం దాగి ఉంది. క్వార్టర్‌బ్యాక్ మీద దాడి చేయడమే పనిగా ఉన్నవాణ్ణి ఒక జట్టు 'డిఫెన్సివ్ ఎండ్' అంటుంది, ఇంకో జట్టు 'బయటి లైన్‌బ్యాకర్' అంటుంది. ఏ పేరు కింద ఓటు పడుతుందన్న దాన్ని బట్టి ఎదురయ్యే పోటీ మారిపోతుంది. ఇక అఫెన్సివ్ లైన్‌మన్లకు చూపించుకోవడానికి అంకెలే ఉండవు. పేరు మోసినవాడికి ఫామ్ తగ్గాక కూడా ఏడాది రెండేళ్లు ఓట్లు పడుతూనే ఉంటాయి, ఎదిగి వస్తున్న గార్డు మాత్రం ఓటర్ల కంట్లో పడటానికే ఏడాది ఆలస్యమవుతుంది.

ఇక మీరడిగిన క్వార్టర్‌బ్యాక్ టైలర్ హంట్లీ, బాల్టిమోర్ రేవన్స్ ఆటగాడు. 2022 సీజన్‌లో 4 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 2 టచ్‌డౌన్ పాసులు వేశాడు. ఏఎఫ్‌సీ తరఫున మొదట ఎంపికైన ముగ్గురు పాట్రిక్ మహోమ్స్, జాష్ అలెన్, జో బరో. మహోమ్స్ జట్టు సూపర్ బౌల్‌కు వెళ్లింది, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. వాళ్ల బదులు డెరెక్ కార్, ట్రెవర్ లారెన్స్, హంట్లీ వచ్చారు. నింద హంట్లీ మీద వేయడం తగదు. పిలిచారు, వెళ్లాడు. పేచీ అంతా అసలు ఎంపికనూ బదులు పిలుపునూ ఒకే పేరుతో లెక్కపెట్టడంలో ఉంది.

ప్రశ్న: సూపర్ బౌల్ ఆడే జట్ల వాళ్లు ప్రో బౌల్‌లో ఎందుకు కనిపించరు?

2010 వరకూ ప్రో బౌల్ సూపర్ బౌల్ అయ్యాక జరిగేది, వాళ్లూ ఆడేవారు. ఆ ఏడాది మయామీలో దాన్ని ముందుకు జరిపారు. అప్పటి నుంచి సూపర్ బౌల్ జట్ల వాళ్లు ఎంపికైనా రారు, ఎంపిక గౌరవం మాత్రం వాళ్ల ఖాతాలోనే ఉంటుంది. బలమైన రెండు జట్ల నుంచి ఖాళీ అయిన చోట్లన్నీ బదులు ఆటగాళ్లతో నింపాల్సి రావడానికి ఇదే మూలం.

ప్రశ్న: ప్రైజ్ మనీ ఎంత? కోట్లు సంపాదించేవాళ్లకు అది ఒక లెక్కా?

2022లో గెలిచిన జట్టులో ఒక్కొక్కరికి 80,000 డాలర్లు, ఓడినవాళ్లకు 40,000. 2024కు అది 88,000, 44,000 అయింది. ఓడినవాడికి ఇచ్చినదానికి గెలిచినవాడికి రెట్టింపు, అదీ పద్ధతి. పెద్ద క్వార్టర్‌బ్యాక్‌కు ఇది లెక్కలోది కాకపోవచ్చు. మొదటి కాంట్రాక్టు మీదున్న లాంగ్ స్నాపర్‌కో స్పెషల్ టీమర్‌కో తీసిపారేసే మొత్తం కాదు.

అసలు డబ్బు మాత్రం ఆటలో లేదు, ఎంపికలో ఉంది. డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం) మొదటి రౌండ్లో వచ్చినవాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు ఉంటుంది, ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుది. ఆ ఐదో ఏటి జీతం ఎంతన్నది 2020లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం మెట్లు మెట్లుగా ఉంటుంది. తొలి మూడు సీజన్లలో రెండుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికైతే ఆ స్థానానికి ఫ్రాంచైజ్ ట్యాగ్ మొత్తం, అంటే అందరికంటే పై మెట్టు. ఒక్కసారి ఎంపికైతే ట్రాన్సిషన్ ట్యాగ్ మొత్తం, దాని కింది మెట్టు. ఒక్కసారీ కాకపోతే ఇంకా దిగువ మెట్లు, అవి ఎన్ని ఎత్తులు ఆడాడన్న దాన్ని బట్టి తేలతాయి. రెండో రౌండు నుంచి ఏడో రౌండు దాకా వచ్చినవాళ్లకూ తొలి మూడేళ్లలో ఒక ఎంపిక దక్కితే నాలుగో ఏటి జీతం పెరుగుతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవాలి. ఈ లెక్కలన్నిటికీ 'మొదటి జాబితా' ఎంపికే చెల్లుతుంది. ఎవరో తప్పుకుంటే పిలుపొచ్చి వెళ్లినవాడు పత్రికల్లో 'ప్రో బౌలర్' అవుతాడు, టీవీలోనూ అదే పేరు, ఐదో ఏటి జీతంలో మాత్రం సున్నా. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ ఈ రెంటి తేడా బాగా తెలుసు. అభిమానులకు చూపించే జాబితాలో కూడా ఆ తేడా రాయాలని మేం కోరుకుంటాం.

ప్రశ్న: ప్రో బౌల్, ఆల్-ప్రో ఒకటేనా?

కాదు. ఆల్-ప్రో జట్టును అసోసియేటెడ్ ప్రెస్ తరఫున 50 మంది పాత్రికేయులు, విశ్లేషకులు ఎన్నుకుంటారు. కాన్ఫరెన్సుల విభజన లేదు, లీగ్ మొత్తానికి మొదటి జట్టు ఒకటే. దానికి ఆట లేదు, బదులు ఆటగాళ్లూ ఉండరు. క్వార్టర్‌బ్యాక్ విషయమే తీసుకోండి. ప్రో బౌల్‌కు కనీసం ఆరుగురు, ఆల్-ప్రో మొదటి జట్టులో ఒక్కడు. ఒక ఆటగాడి స్థాయి చెప్పాలంటే ముందు ఆల్-ప్రో చూడండి. ప్రో బౌల్ సంఖ్య ఎన్నేళ్లు నిలకడగా ఆడాడో చెబుతుంది. టామ్ బ్రాడీకి 15 ఎంపికలు, అది రికార్డు.

ప్రశ్న: ఒకచోట '1950 ప్రో బౌల్' అంటారు, ఇంకోచోట '1951' అంటారు. మొదటిది ఎప్పుడు జరిగినట్టు?

రెండూ ఒకటే ఆట. 1950 సీజన్‌కు సంబంధించిన పోటీ 1951 జనవరి 14న లాస్ ఏంజలిస్ కొలీజియంలో జరిగింది. అమెరికన్ కాన్ఫరెన్స్ 28-27తో గెలిచింది. సీజన్ ఒక ఏట మొదలై మరుసటి ఏట ముగుస్తుంది కాబట్టి ఈ గందరగోళం ఎప్పుడూ ఉండేదే. ఏ జాబితా చూసినా అందులోని సంవత్సరం సీజన్‌దా ఆట జరిగినదా అని ముందు చూసుకోండి.

ప్రో బౌల్ అన్న పేరు అప్పటిది. దానికన్నా ముందే తారల ఆట ఉంది. 1939 జనవరి 15న లాస్ ఏంజలిస్‌లోని రిగ్లీ ఫీల్డ్‌లో, అంతకుముందు సీజన్ విజేత న్యూయార్క్ జెయింట్స్ మిగతా జట్ల తారల మీద 13-10తో గెలిచింది. విజేత ఒక పక్క, తారలు మరో పక్క, ఇలా ఐదు ఆటలు జరిగాయి. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత నాలుగో ఆటను లాస్ ఏంజలిస్ నుంచి న్యూయార్క్‌కు మార్చారు. ఐదోది 1942 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో అయ్యాక యుద్ధంతో అంతా ఆగింది.

1951 నుంచి 1972 దాకా కొలీజియంలోనే. ఎన్ఎఫ్ఎల్, దానికి పోటీగా ఉన్న ఏఎఫ్ఎల్ కలిసిపోయాక 1971 జనవరిలో తొలిసారి ఏఎఫ్‌సీ, ఎన్ఎఫ్‌సీ పేర్లతో తలపడ్డారు. ఎన్ఎఫ్‌సీ 27-6తో గెలిచింది. 1973 నుంచి ఏడేళ్లు ఏడు ఊళ్లు తిరిగి, 1980లో హొనొలులులోని అలోహా స్టేడియం చేరింది. 2009 దాకా వరసగా ముప్పై ఏళ్లు అక్కడే. ఆటగాళ్లు భార్యాపిల్లలతో వారం గడిపే విహారంగా మారి, రావడానికి ఉత్సాహం చూపారు. హవాయి చివరిసారి ఆతిథ్యమిచ్చింది 2016లో. 2021లో కోవిడ్ వల్ల ఆట లేదు, వీడియో గేమ్‌తో సరిపెట్టారు.

ప్రశ్న: ఆటగాళ్లు తారల ఆటనే బహిష్కరించిన సందర్భం ఉందని విన్నాను. వివరాలు చెబుతారా?

ఉంది. అది ఎన్ఎఫ్ఎల్‌ది కాదు, అప్పటికి దానికి పోటీగా ఉన్న ఏఎఫ్ఎల్‌ది. 1965 జనవరి 16న ఏఎఫ్ఎల్ తారల ఆట న్యూ ఆర్లియన్స్‌లో జరగాలి. వర్ణవివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం అంతకు ఆరు నెలల ముందే, 1964 జులైలో వచ్చింది. కానీ ఊళ్లో దిగిన నల్లజాతి ఆటగాళ్లను టాక్సీలు ఎక్కించుకోలేదు, క్లబ్బుల గుమ్మాల దగ్గరే ఆపేశారు, వీధుల్లో దూషించారు. 21 మంది నల్లజాతి ఆటగాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇక్కడ ఆడేది లేదని ఓటేసి తేల్చుకున్నారు. వాళ్లలో కుకీ గిల్‌క్రిస్ట్ ముఖ్యుడు. తెల్లజాతి ఆటగాళ్లలో రాన్ మిక్స్ వంటివాళ్లు వాళ్ల పక్కన నిలబడ్డారు.

కమిషనర్ జో ఫాస్ ఆటను రోజుల వ్యవధిలో హ్యూస్టన్‌లోని జెప్పెసన్ స్టేడియానికి మార్చేశాడు. వెస్ట్ జట్టు 38-14తో గెలిచింది. ఆ స్కోరు నేడు ఎవరికీ గుర్తులేదు, గుర్తుండాల్సిందీ అది కాదు. అప్పటికి న్యూ ఆర్లియన్స్ ఒక ప్రొఫెషనల్ జట్టు కోసం గట్టిగా ప్రయత్నిస్తోంది. ఆ తారల ఆట ఊరికి పరీక్ష లాంటిది. ఆ ఊరికి ఎన్ఎఫ్ఎల్ జట్టు మంజూరైంది 1966 నవంబరులో. తారల ఆట చరిత్రలో అన్నిటికంటే విలువైన నిర్ణయం మైదానంలో అడుగుపెట్టకుండా తీసుకున్నదేనని మేం నమ్ముతాం.

ప్రశ్న: ఒక జాబితాలో 'టీమ్ రైస్', 'టీమ్ ఇర్విన్' అని ఉంది. అవేం జట్లు?

2014 నుంచి 2016 దాకా మూడేళ్లు కాన్ఫరెన్సులను పక్కన పెట్టి, మాజీ తారలు కెప్టెన్లుగా ఆటగాళ్లను పంచుకున్నారు. 2014లో జెరీ రైస్ జట్టు డియాన్ శాండర్స్ జట్టు మీద 22-21తో గెలిచింది. ఒకే జట్టులో కలిసి ఆడేవాళ్లు ఎదురెదురు నిలబడటం కొత్తగా ఉండి ఆట కాస్త బిగిసింది. 2017లో మళ్లీ పాత పద్ధతే.

ప్రశ్న: ప్రో బౌల్ చూశాక మా కాలేజీ కుర్రాళ్లం ఫ్లాగ్ ఆడాలనుకుంటున్నాం. మైదానం కొలతలు, ముఖ్యమైన రూల్స్, మొదట్లో చేసే తప్పులు చెప్పండి.

ప్రో బౌల్‌ది ఏడుగురి ఆట. మీరు ఐదుగురి ఆటతో మొదలుపెట్టండి, అంతర్జాతీయ పోటీలు జరిగేది అలాగే.

మైదానం 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు, రెండు కొసల్లో 10 గజాల ఎండ్ జోన్లు. మీటర్లలో మొత్తం పొడవు 64, వెడల్పు సుమారు 23. నడిమి గీత వేయండి. దానికీ గోల్ గీతలకూ 5 గజాల ఇవతల చుక్కల గీతలు వేయండి. వాటికీ అసలు గీతలకూ మధ్య ఉన్న మేర పరుగు ఎత్తులు నిషిద్ధం, పాస్ మాత్రమే వేయాలి. ఈ గీతలు లేకపోతే గీత దగ్గర అందరూ గుంపుగా పడి తోసుకుంటారు, పెట్టింది అందుకే.

బంతి మీ 5 గజాల గీత మీద మొదలవుతుంది. నాలుగు ఎత్తుల్లో నడిమి గీత దాటాలి, దాటాక స్కోరు చేయడానికి ఇంకో నాలుగు. టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు. ఆపైన 5 గజాల నుంచి ప్రయత్నిస్తే 1, 10 గజాల నుంచి అయితే 2. క్వార్టర్‌బ్యాక్ బంతితో, ఆ ఎత్తు మొదలైన గీత దాటి పరుగెత్తకూడదు. స్నాప్ ఇచ్చే సెంటర్ కూడా పాస్ అందుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు స్నాప్ వేళకు ఆ గీతకు 7 గజాల వెనక ఉండాలి. ఆ దూరాన్ని అడుగులతో కాదు, టేపుతో కొలిచి కోన్ పెట్టండి. 5 గజాల దగ్గర నిలబడితే క్వార్టర్‌బ్యాక్‌కు చూసుకునే వ్యవధే ఉండదు, ప్రతి ఎత్తూ అక్కడే చస్తుంది. అడ్డుకోవడం, తోయడం లేదు. బంతి నేల జారితే పడిన చోటే ఆట ఆగుతుంది, దానికోసం ఎగబడకూడదు.

బెల్టుకు రెండు పక్కలా ఒక్కో పట్టీ, సుమారు 15 అంగుళాల పొడవు. పట్టీ బెల్టుకు ముడేసేది కాదు, లాగితే 'టప్' మని ఊడే సాకెట్‌ది తీసుకోండి. ముడేసిన గుడ్డపీలిక లాగితే మనిషే పడతాడు. షర్టు లోపలికి దోపాలి, పట్టీ మీద వేలాడితే లాగేవాడి చేతికి షర్టే వస్తుంది. జేబుల్లేని షార్ట్స్ వేసుకోండి. పట్టీ కోసం చాచిన వేలు జేబులో ఇరుక్కుని విరగడం ఈ ఆటలో మామూలుగా వినిపించే గాయం. పట్టీ రంగు, షార్ట్స్ రంగు వేరుగా ఉండాలి, లేకపోతే ఊడిందో లేదో రిఫరీకే తెలియదు.

పట్టీ లాగడమే సగం ఆట. కొత్తవాళ్లు పరుగెత్తేవాడి తలా భుజాలూ చూస్తారు, వాడు భుజం ఒక పక్కకు ఊపి ఇంకో పక్కకు పోతాడు. నడుము చూడండి, అది అబద్ధం ఆడలేదు. ఎదురుగా కాక ఏటవాలుగా వెళ్లి, చివరి మూడు గజాల్లో అడుగులు చిన్నవి చేసుకుని, మోకాళ్లు వంచి, పట్టీ కొసను కాక సాకెట్ దగ్గర పట్టండి. కొస గాల్లో ఎగురుతుంటుంది, చేతికి దొరకదు. బంతి ఉన్నవాడు చేత్తో పట్టీని కాచుకుంటే పెనాల్టీ. గిరగిరా తిరగవచ్చు, తప్పించుకోవడానికి ఎగరడం, ముందుకు దూకడం కూడదు.

ప్రశ్న: ఈ ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఉంటుందట. ఎన్ఎఫ్ఎల్ తారలు ఆడతారా?

2028 లాస్ ఏంజలిస్ ఒలింపిక్స్‌లో ఉంటుంది. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే దీనికి ఆమోదం దొరికింది, టీ20 క్రికెట్‌తో పాటు. పురుషుల్లో ఆరు జట్లు, మహిళల్లో ఆరు, జట్టుకు 10 మంది. 2025 మేలో ఎన్ఎఫ్ఎల్ యజమానులు తమ ఆటగాళ్లు పాల్గొనడానికి అనుమతించారు. అయితే ఒక దేశపు జట్టులోకి ఒక్కో క్లబ్ నుంచి ఒకరికి మించి వెళ్లకూడదు.

ఎన్ఎఫ్ఎల్ తారలు దిగితే మిగతావాళ్లకు చోటుండదని చాలామంది అనుకుంటున్నారు. మాకు అంత నమ్మకం లేదు. 2024లో ఫిన్లండ్‌లోని లాహ్టిలో అమెరికా పురుషుల జట్టు ప్రపంచ టైటిల్ గెలిచింది ఎన్ఎఫ్ఎల్ తారలు లేకుండానే. ఢీకొట్టి గెలిచే అలవాటున్నవాడు అడ్డుకోవడం మరచిపోవాలి, పట్టీని చేత్తో కాచుకోకుండా పరుగెత్తడం నేర్చుకోవాలి, అది వారం రోజుల్లో వచ్చే విద్య కాదు. వచ్చే ప్రో బౌల్ చూసేటప్పుడు స్కోరు పక్కన పెట్టి రిసీవర్ల చేతులు గమనించండి. బంతి పట్టాక ఎన్నిసార్లు అలవాటు కొద్దీ చెయ్యి నడుము దగ్గరికి పోయిందో లెక్కపెట్టండి.